పచ్చిదా, ఎండిందా?

ఇప్పుడు పిల్లలకు పరీక్షలు వారం వారం వస్తున్నయి, అంగడి వచ్చినట్టు. నిజాం రాజ్యం ఇంకా ఉన్న మా కాలంల ఆర్మూరు ఆడపిల్లల బడికి పరీక్ష ఏడాదికి ఒక్కసారే వచ్చేది, అది కూడా బస్సెక్కి వచ్చేది. మొన్న నా మనుమరాలు (అది టీచరు) “అమ్మమ్మా, చిన్నపిల్లలకు గీ పెద్ద పరీక్షలు ఉండాల్నా, తీసెయ్యాల్నా? నువ్వేమంటవ్?” అని అడిగింది. నేనేమంట? నేను పలక పట్టిందే నలభై ఏడో ఏట. కానీ పదిహేడో ఏట ఒక పరీక్షను నిలువునా చెడగొట్టిన దాన్ని కాబట్టి, ఆ సంగతి మాట్లాడే హక్కు నాకు కొంచెం ఉందనే అనుకుంటున్న.

అప్పుడు నేను ఆ బడిల ఆయాను. అందరూ నన్ను బడక్క అనేవాళ్ళు. పొద్దున్నే ఇల్లిల్లూ తిరిగి పిల్లల్ని పిలుచుకొచ్చుడు, నీళ్ళు నింపుడు, పొద్దుగూకక ముందే ఎవరి పిల్లను వాళ్ళ వాకిట్ల అప్పజెప్పుడు, ఇదీ నా కొలువు. బడి అంటే ఒక కిరాయి ఇల్లు, ఒక పంతులమ్మ. నాలుగో తరగతిల పదకొండు మంది. ఆ ఏడు పైనుంచి ఒక హుకుం వచ్చింది: జిల్లా అంతటికీ ఒకటే పరీక్ష, నాలుగో తరగతిల సగం మందన్నా పాస్ గాకుంటే ఆ బడి మూసేస్తరు. పంతులమ్మకు అన్నం సయించలేదు. నాకూ సయించలేదు, ఎందుకంటే బడి పోతే నేను మళ్ళీ మా అత్త పక్కన పసుపు కడాయి ముంగట పొగల కూసోవాలె. అందరికంటే ఎక్కువ భయం పిట్టకు. పిట్ట అంటే మా సందు చివరింటి పిల్ల, చిన్నగా చురుగ్గా ఉండేది కాబట్టి ఆ పేరు. వాళ్ళ నాయిన ముందే చెప్పిండు: “పాసైతే చదువు. లేదంటే రేపటినుంచి ఎండల పసుపు తిప్పుడే.”

పరీక్ష వచ్చింది సరిగ్గా పసుపు ఉడికే రోజులల్ల. ఊరంతా ఆ వాసనే. బడికి రాకముందు పిల్లలందరూ ఇండ్లకాడ పసుపు ఏరి వచ్చేవాళ్ళు. ఎంత రుద్ది కడిగినా చేతుల పసుపు పోదు. అందుకే వాళ్ళు ముట్టిన కాయితాలన్నీ లగ్గం పత్రికల లెక్క అంచులకు పచ్చగ అయినయి. తనిఖీకి వచ్చినామె హైదరాబాద్ మనిషి. తెల్లచీర, కండ్లద్దాలు, నల్ల గొడుగు. మాటల్ల కోపం లేదు గాని, నవ్వూ లేదు. ఆమెకు పసుపంటే పోపుల డబ్బాల ఉండేదే తెలుసని మాకు తర్వాత అర్థమైంది. సీలు వేసిన లిఫాఫా విప్పి, అందుల ఉన్న ఒకే ఒక్క కాయితం చూసి ప్రశ్నలు చదువుతుంటే పిల్లలు రాస్తున్నరు. నేను నీళ్ళ కుండ పట్టుకొని గడపల నిలబడ్డ.

“ఒక రైతు యాభై మణుగుల పసుపు తవ్వినాడు. పది మణుగులు విత్తనానికి దాచుకొని, మిగిలినది అంగడిలో అమ్మినాడు. ఎన్ని మణుగులు అమ్మినాడు?”

నా నోరు ఆగలేదు. “అమ్మా, పచ్చిదా, ఎండిందా?”

“నువ్వెవరు? పరీక్షల మాట్లాడుతవేంది? బయటికి నడువు!”

నడిచిన. కానీ మీరే చెప్పండి, నేనడిగిన దాంట్ల తప్పేముంది? తవ్విన పసుపు నిండ నీళ్ళే. విత్తనానికైతే పచ్చిదే దాస్తరు. అంగడికి పోవాలంటే చీపురుపుల్ల గుచ్చితే దిగేదాక ఉడకబెట్టి, పదిహేను రోజులు ఎండబెట్టాలె. ఐదు మణుగులు ఎండితే ఒక్కటి మిగులుతది. పచ్చి పసుపు బండికెత్తుకొని అంగడికి పోయే రైతు మా దిక్కు ఇంకా పుట్టలేదు.

ఆ పొద్దే వరండాల కూసొని ఆమె కాయితాలు దిద్దింది. కాసేపటికి పెన్ను పక్కకు పెట్టింది.

“పంతులమ్మా, ఇటు రండి. జవాబు నలభై. పది మంది ఎనిమిదని రాసిండ్రు. పదిమందికీ ఒకటే తప్పు ఎట్ల వస్తది? నకలు కొట్టించిండ్రా? ఇవన్నీ రద్దు చెయ్యాల్సిందే.”

గోడ పక్కన పిట్ట ఏడుపు ఆపుకొని ముక్కు ఎగబీలుస్తున్నది. నేను పోయి తనిఖీ అమ్మ ముంగట నిలబడ్డ.

“తప్పు నాదమ్మా. నోరు జారిన. నా కొలువు తీసెయ్యుండ్రి. పిల్లలనేమనకుండ్రి.”

“అంటే ఎనిమిదని నువ్వే చెప్పినవ్.”

“అయ్యో, ఎనిమిదని నేనెక్కడ చెప్పిన? గంత లెక్క నాకొస్తే గీ కుండ ఎందుకు మోస్త?”

ఆమె నా దిక్కు చూసింది. మళ్ళీ కాయితం దిక్కు చూసింది. ఇంకో కాయితం తీసింది. తర్వాత మెల్లగ పిట్టను పిలిచింది.

“డెబ్బై మణుగులు తవ్వి ఇరవై దాచితే?”

“యాభై మిగుల్తయి. ఉడకబెట్టి ఎండబెడితే పది,” అన్నది పిట్ట. ముక్కు తుడుచుకొని, “మంచిగ ఎండితేనే అమ్మా. మబ్బు పడితే చెప్పలేం,” అని కూడా కలిపింది.

నలభై అని రాసిన ఒకే ఒక్క పిల్ల కమీషన్ సేటు బిడ్డ. ఆమెనూ అడిగింది: “మరి నువ్వు ఎండబెట్టలేదేం?”

“మా కొట్టుకు ఎండిందే వస్తది గదా. తవ్వుడు, ఉడకబెట్టుడు మాకేం తెలుసు?”

అప్పుడు నవ్వింది తనిఖీ అమ్మ. గొడుగు కిందపడేటట్టు నవ్వింది. “తీసివేత అడిగితే వీళ్ళు భాగహారం కూడా చేసి పెట్టిండ్రు. పైవరుసల నలభై ఉండనే ఉంది. పైవాళ్ళకు కావాల్సింది అదే,” అని ప్రతి కాయితం మీదా ఆ నలభై చుట్టూ సున్నా చుట్టింది. కింది ఎనిమిదిని కొట్టెయ్యలేదు. పదకొండు మందిల తొమ్మిది మంది పాసైండ్రు. తప్పిన ఇద్దరూ పసుపుతోని కాదు, పద్యం అప్పజెప్పుడుల తప్పిండ్రు. బడి నిలబడ్డది.

నా మనుమరాలికి ఇదే చెప్పిన. పరీక్ష ఉండనియ్యి బిడ్డా. అది లేకుంటే పిట్టకు లెక్కలొస్తయని వాళ్ళ నాయినకు ఎవరు చెప్తుండె? కానీ జవాబు చూసినంక ‘ఎందుకట్ల రాసినవ్’ అని ఇంకొక్క మాట అడిగే మనిషి కూడా ఉండాలె. ఆ మనిషి లేని పరీక్ష ఎన్ని జిల్లాలకు పెట్టినా వట్టిదే.

ఆ సాయంత్రం పిల్లల్ని ఇండ్లకు తోలుకపోతూ తప్పిన ఇద్దర్ని కూడా కలుపుకొని సందు పొడుగునా నేనే ఒర్రిన: “అందరం పాసైనం! అందరం పాసైనం!” పిట్ట నాయిన పసుపు తిప్పుడు ఆపి, బిడ్డ తలమీద చెయ్యి పెట్టిండు. (ఆ చెయ్యి గుర్తు దాని నూనె తలమీద రెండు రోజులు పచ్చగ ఉండె.) మా అత్త మాత్రం కడాయి ముంగటినుంచే అడిగింది:

“అందరు సరే. నువ్వేం పాసైనవే?”

“నేనా... నేను నీళ్ళు పోసిన అత్తా.”

అప్పుడు మేమిద్దరం పడిపడి నవ్వినం. రోజూ పదకొండు మందిని గడప దాటించిన పిల్లకు, వాళ్ళ పక్కనే తానూ చాప మీద కూసోవచ్చన్న సోయి ఇంకో ముప్పై ఏండ్లదాక రాలేదు. ఆ సోయి వచ్చిన్నాడు, నెరిసిన తలతోని, సిగ్గుపడుకుంట పోయి కూసున్న.