వేరుగా పెట్టుకున్న కంచం

మగ్గం మీద చీరకు నెత్తురు అంటింది. ముందు చూసింది పక్క మగ్గం మీదున్న మా చిన్నాయన. "ఏమప్పా, వేలు తెగింది, తెలీలేదా?" అన్నాడు. ఎడమ చిటికెన వేలు లోతుగా తెగి ఉంది. నాకు నొప్పి లేదు. ఎనభైల మొదట్లో, నా ఇరవై ఆరో ఏట జరిగిన సంగతి ఇది.

ధర్మవరంలో మాది ఉమ్మడి కుటుంబం. అమ్మా నాయనా చిన్నప్పుడే పోతే, పెద్దమ్మ నన్ను పెంచింది.

మోచేతి మీద పాలిపోయిన మచ్చ ఒకటి ఏడాదిగా ఉంది. పట్టించుకోలేదు. అనంతపురం ఆసుపత్రిలో డాక్టరు నన్ను కళ్లు మూసుకోమని, "తాకింది తెలిస్తే చెప్పప్పా" అన్నాడు. చాలాసేపు కూర్చున్నాను. "ఇంకా మొదలుపెట్టలేదా సార్?" అని అడిగాను.

"అయిపోయింది," అన్నాడు.

చెవి తమ్మెను కొద్దిగా గీరి పరీక్షకు స్మియర్ తీశారు. పాజిటివ్. "లెప్రసీ. మందులుండాయి, నయమైతాది," అన్నాడు.

బస్సులో ఏడుపు రాలేదు. ఇల్లు చేరగానే సంగతి ఒక్క మాటలో చెప్పి, నా కంచం తీసుకుని వెనక కట్టెల కొట్టంలో కూర్చున్నాను. ఇదే జబ్బని మా అవ్వ చెల్లెలిని ఒకప్పుడు ఊరి బయట గుడిసెలో పెట్టారు. ఆమె పిలిస్తే పిల్లలం పారిపోయేవాళ్లం. అలా చేయమని ఇంట్లో ఎవరూ చెప్పలేదు. పెద్దవాళ్లను చూసి నేర్చుకున్నాం.

పెద్దమ్మ కొట్టంలోకి వచ్చింది. "ఈడ కూచోమని ఎవురు చెప్పినారు?"

"ఎవురూ చెప్పలే పెద్దమ్మా."

"ఆ గుడిసెలో ఆయమ్మకు చచ్చేదాకా కూడు మోసింది నేనే. బయట పెట్టేనాడు మాత్రం నోరెత్తలేదు. లెయ్," అంది.

నా కంచం తీసుకెళ్లి పెద్దనాయన పక్కన పెట్టింది. చిన్నాయన తన కంచం పట్టుకుని లేచి వెళ్లిపోయాడు. పెద్దనాయన నా కంచంలో సంగటి ముద్ద వేసి, "తిను" అన్నాడు. తిన్నాను. రుచి గుర్తు లేదు.

డాప్సోన్, రిఫాంపిసిన్, క్లోఫాజిమిన్ అని మూడు మందులు ఇచ్చారు. వాటికి ఒళ్లు నల్లబడింది. ఆర్నెల్లకు, ఈ జబ్బులో కొందరికి వచ్చే రియాక్షన్ నాకూ వచ్చింది. జ్వరంతో పాటు ఎడమ మోచేతి నరం వాచింది, రెండు వేళ్లు ముడుచుకుపోయాయి. "నరం దెబ్బతినింది. స్టెరాయిడ్ ఇస్తాం. వేళ్ల పని పూర్తిగా తిరిగి రాకపోవచ్చు," అన్నాడు డాక్టరు. రాలేదు. నేత మాని మగ్గం దిగాను. దిగిన రోజు కూడా నాకేమీ అనిపించలేదు. మాత్ర మింగేదాకా పెద్దమ్మ ఎదురుగా నిలబడేది. రెండేళ్లు దాటాక స్మియర్ నెగటివ్ వచ్చింది.

ఇప్పుడు కుడిచేత్తో పట్టుదారం చుట్టి ఇస్తున్నాను. అందరితో కలిసే తింటాను.

ఈ జబ్బు నయమైనా పోయిన స్పర్శ తిరిగి రాకపోవచ్చు. కాలినా, తెగినా మనకు తెలియదు. అందుకే రోజూ పొద్దున చేతులూ కాళ్లూ ఇంట్లో ఒకరికి చూపించుకోండి. నాకు పెద్దమ్మ చూసేది. నిరుడు ఆమె పోయింది. దినాలు ముగిసిన మర్నాడు చిన్నాయన వచ్చి నా ఎదుట కూర్చుని, "చెయ్యి ఇట్లియ్యి" అన్నాడు. రెండు పక్కలా తిప్పి, ముడుచుకున్న వేళ్ల సందుల్లో కూడా చూశాడు. అప్పటి నుంచి రోజూ ఆయనే చూస్తున్నాడు.