తీసేసిన పద్దెనిమిది పేజీలు

మొదటే ఒక మాట. ఇందులో వచ్చే ఆమె పని, బడి, అలవాట్లు అన్నీ మార్చి రాస్తున్నాను. ఆమెకు చదివి వినిపించి, సరే అన్నాకే ఇక్కడ పెడుతున్నాను. ఇంత జాగ్రత్త ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

నలభై మూడేళ్ల వయసులో ఎడ్యుకేషన్‌లో ఆన్‌లైన్ డాక్టరేట్‌కు చేరాను. ఆ యూనివర్సిటీ వేరే దేశంలో, నేను తార్నాకలో. పది నిమిషాలు నడిస్తే ఇంత పెద్ద పాత యూనివర్సిటీ పెట్టుకుని కంప్యూటర్లో చదువుడేందని చుట్టాలందరూ అడిగారు. బీఈడీ కాలేజీలో నా ఉద్యోగం వదలకుండా చదవాలంటే వేరే దారి లేదని చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టింది. మరిది వరసైన ఒకాయన అయితే ఏ పెళ్లిలో కలిసినా "ఆన్‌లైన్‌దా? చెల్లుతదా?" అనేవాడు. ఆయన్ని చూస్తే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది, ఎందుకంటే ఆ భయం నాకూ ఉండేది.

ఇంట్లో కూర్చునే చోటు లేక సాయంత్రాలు ఆ పక్క క్యాంపస్‌కే పోయి, చెట్ల కింద రాతి బెంచీ మీద ల్యాప్‌టాప్ తెరిచేదాన్ని. "ఏ డిపార్ట్‌మెంట్ మేడం?" అని వాచ్‌మన్ అడిగితే వాకింగ్‌కు వచ్చానని చెప్పేదాన్ని. ల్యాప్‌టాప్‌తో వాకింగ్ ఏందని ఆయన ఎన్నడూ అడగలేదు. మర్యాదస్తుడు.

ముప్ఫై దాటాక మళ్లీ పదో తరగతి రాసే ఆడవాళ్ల మీద నా పరిశోధన. పన్నెండు మందితో మాట్లాడాను. పదకొండు మంది ఒక ఎత్తు, ఆమె ఒక్కతే ఒక ఎత్తు. మా సందు చివర ప్రైవేటు బడిలో ఆయా. బడి వదిలాక వచ్చి అదే బెంచీ మీద నా పక్కన కూర్చునేది. మూడో నెలలోనో నాలుగో నెలలోనో అసలు సంగతి బయటపెట్టింది. పది పాసైనవాళ్లే కావాలని బడివాళ్లు అంటే, చెల్లె సర్టిఫికెట్ పట్టుకుపోయి ఉద్యోగంలో చేరింది. అప్పటినుంచి పదకొండేళ్లుగా బడిలో అందరూ ఆమెను చెల్లె పేరుతోనే పిలుస్తున్నారు. ఇప్పుడు ఓపెన్ స్కూల్లో తన సొంత పేరు మీద పది రాస్తున్నది.

"నేనని తెలిస్తే కొలువు పోతది మేడం" అంది. పేరు మారుస్తానని మాటిచ్చి, రాయడానికి ఒప్పుకున్నట్టు కాగితం మీద సంతకం తీసుకున్నాను.

పేరు మార్చాను. కానీ మా గైడుకు అది చాల్లేదు. ఏ డ్రాఫ్టు పంపినా ఒకటే మాట: మనిషి కనిపించడం లేదు, ఇంకా వివరంగా రాయి. రాశాను. ఎడమచేత్తో గంట కొట్టే తీరు, ముక్కుకు రెండు వైపులా పుడకలు, రామంతాపూర్ నుంచి వచ్చేటప్పుడు బస్సులోనే మల్లెపూలు అల్లి టీచర్లకు పంచడం, అన్నీ రాశాను. గైడు పొంగిపోయింది. ఆమె మీద రాసిన ఆ పద్దెనిమిది పేజీలే నాలుగో అధ్యాయం. వైవాకు ముందే చదివిన ఇద్దరు ఎగ్జామినర్లు ఆ అధ్యాయమే థీసిస్‌కు ప్రాణం అన్నారు. వాళ్లలో ఒక్కరూ తార్నాక మొహం చూసినవాళ్లు కారు. వాళ్లకు తెలియదు సరే, ఇక్కడే బతుకుతున్న నా బుద్ధి ఏ గడ్డి తిన్నదో.

ఆఖరి వైవా మూడు రోజుల్లో ఉందనగా గైడు ఒక సలహా ఇచ్చింది. సబ్జెక్టు ఏమీ తెలియని మనిషికి నీ థీసిస్ ఒకసారి చెప్పి చూడు, భయం పోతుంది అని. మా ఇంట్లో ఆ అర్హత అత్తమ్మది. నల్లకుంట మార్కెట్ నుంచి తెచ్చిన చిక్కుడుకాయలు ముందరేసుకుని ఈనెలు తీస్తున్నది. ఎదురుగా కూర్చుని తెలుగులో మొదలుపెట్టాను. చెల్లె సర్టిఫికెట్ సంగతి అయిపోయింది. గంట దగ్గరికి వచ్చాను.

"ఎడమచేత్తోని కొడ్తదా?" అంది అత్తమ్మ తల ఎత్తి. "గామె మన సందు చివరి బడిల ఆయా గాదూ? మొన్న గూడ నాకు పూలిచ్చింది. అయితే ఆ పేరు ఆమెది గాదా?"

వైవా అయ్యాక థీసిస్‌ను వెబ్‌సైట్‌లో ఎవరైనా చదువుకునేలా పెడతారు. ఆ బడి ప్రిన్సిపాల్ మా కాలేజీలోనే బీఈడీ చేసింది, థీసిస్ పంపమని నన్ను రెండుసార్లు అడిగింది కూడా. అత్తమ్మ పోల్చుకోవడానికి అరనిమిషం పట్టలేదు, ఆ ప్రిన్సిపాల్‌కు ఎంత పడుతుంది?

అంతకన్నా దగ్గరి భయం ఇంట్లోనే ఉన్నది. మా అత్తమ్మ బంగారంలాంటి మనిషే గానీ నోట్లో నువ్వుగింజ నానదు. ఎవరికీ చెప్పొద్దని దండం పెట్టాను. "ఒకల నోట్లె మన్ను గొడ్తనానే నేను?" అని కోపం చేసుకుంది. అయినా నమ్మలేదు. పక్కింటామెతో మాట్లాడడానికి గేటు దాకా పోయినా ఏదో ఒక వంకతో వెంట పోయి నిలబడ్డాను.

మర్నాడు సాయంత్రం బడి వదిలాక ఆమెను బెంచీ దగ్గరికి పిలిచి, దాచకుండా అంతా చెప్పాను.

"పేరు మారుస్తనంటివి గద మేడం."

"మార్చిన అక్కా."

"మరి మీ అత్తమ్మ ఎట్ల గుర్తువట్టింది?"

తిడితే బాగుండుననిపించింది. తిట్టలేదు. "ఏం రాసినవో సదువు, ఇంట" అంది.

ల్యాప్‌టాప్ తెరిచి, ఇంగ్లిష్‌లో ఉన్నదాన్ని ఒక్కొక్క వాక్యం తెలుగులో చెప్పుకుంటూ పద్దెనిమిది పేజీలూ చదివాను. పూల దగ్గర నవ్వింది. "సీటు దొరికిననాడే అల్లుత. నిలవడి ఎట్ల అల్లుతరు?" అంది. నేను రోజూ అని రాశాను. చెల్లె సంగతి వచ్చేసరికి అటూ ఇటూ చూసి నాకు దగ్గరగా జరిగింది. మొత్తం అయిపోయాక కొంగుతో మొహం తుడుచుకుంది.

"మంచిగ రాసినవ్. తీసెయ్" అంది.

ఇక్కడ సిగ్గు విడిచి ఒకటి ఒప్పుకోవాలి. నేను బేరమాడాను. ఐదేళ్ల చదువు, ప్రాణం అన్న అధ్యాయమే లేకుంటే ఎల్లుండి నన్ను వెనక్కి పంపిస్తారు. ఆ కొలువు ఆమెకు బువ్వ అని తెలిసీ నా డిగ్రీ గురించే ఆలోచించాను. "చెయ్యి మారుస్తా అక్కా. గంట తీసేస్తా, పూలు తీసేస్తా. బడి కాదు, దవాఖాన అని రాస్తా" అన్నాను.

ఆమె అంతా విన్నది. "గవన్ని తీసేస్తే గాడ నేనేడుంట మేడం? ఉత్త దొంగ సర్టిఫికెట్ ముచ్చట ఒక్కటే ఉంటది."

ఆమె చూస్తుండగానే ఆ పేజీలన్నీ తీసేశాను.

"పోయిందా?"

"పోయింది."

"ఇంకేడనన్న ఉన్నదా?"

లేదని అబద్ధం చెబుదామని నోటి దాకా వచ్చింది. గైడు దగ్గరా ఎగ్జామినర్ల దగ్గరా పాత కాపీలు ఉన్నాయని, తీసేయమని అడుగుతానని చెప్పాను. ఆమె సంచి తీసుకుని లేచింది. రోజూ "వస్త మేడం" అని చెప్పి పోయేది, ఆ రోజు చెప్పకుండానే బస్‌స్టాప్ వైపు నడిచింది.

వైవా సాయంత్రం ఆరున్నరకు మొదలైంది. పడకగది తలుపు వేసుకుని, కరెంటు పోతే ఎట్లా అని ఫోన్‌లో నెట్ కూడా సిద్ధంగా పెట్టుకుని కూర్చున్నాను. మొదటి ప్రశ్నే నాలుగో అధ్యాయం ఏమైందని. ఉన్నదున్నట్టు చెప్పాను. పేరు మారిస్తే మనిషిని దాచినట్టే అనుకున్నానని, మా ఇంట్లో ముసలమ్మ ఇట్టే పట్టేసిందని చెప్పాను. వాళ్లు మాట్లాడుకోవడానికి నన్ను బయటికి పంపారు, అంటే స్క్రీన్ మీద వేచి ఉండమన్న అక్షరాలు చూస్తూ పావుగంట కూర్చోబెట్టారు. పాస్ అనలేదు, ఫెయిల్ అనలేదు. కాపీలు తీసేస్తామన్నారు. జరిగిన తప్పు మీదే కొత్త అధ్యాయం రాసి ఆరు నెలల్లో పంపమన్నారు.

ఆ ఆరు నెలలూ ఆమె నాకు కనబడలేదు. పొద్దున బడి గంట వినబడేదాకా టీ గొంతు దిగేది కాదు. గంట మోగితే కొలువు ఉన్నట్టు. ఒక వారం గంట వేరే తీరుగా మోగింది. భయపడుతూ బడి ముందు నుంచి నడిచాను. జ్వరమొచ్చి సెలవు పెట్టిందని తెలిసి రోడ్డు మీదే కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

అధ్యాయం రాశాను, పంపాను, డిగ్రీ ఈమెయిల్‌లో వచ్చింది. మరిది వరసాయన చెల్లుతదా అని మళ్లీ అడిగాడు. అత్తమ్మ మాత్రం మా కోడలు డాక్టరమ్మ అయిందని సందంతా చెప్పింది. ఆ ఒక్క ముచ్చట మాత్రం ఇన్నాళ్లలో ఎక్కడా జారనివ్వలేదు. అత్తమ్మ మీద కాపలా కాసినందుకు నాకు తల కొట్టేసినట్టయింది.

ఓపెన్ స్కూల్ రిజల్ట్స్ వచ్చిన వారంలో ఒక సాయంత్రం ఆమె తనంతట తనే బెంచీ దగ్గరికి వచ్చింది. సంచిలోంచి ప్లాస్టిక్ కవర్, అందులోంచి మార్కుల మెమో తీసింది. పాసైంది.

"బడిల చూపెట్టినవా?" అని అడిగి నాలుక కరుచుకున్నాను.

"ఎట్ల చూపెడ్త మేడం? వాళ్ల లెక్కల నేను ఎన్నడో పాసైన." మెమో నా చేతిలో పెట్టింది. "నాకు సదువొస్తది గని, ఇంకొకల నోట్ల ఇనాలె. సదువు."

తెలుగు, సోషల్, బొటాబొటిగా గట్టెక్కిన లెక్కలు, అన్నీ చదివాను. ఆమె వింటున్నట్టే లేదు.

"గవి కాదు. పేరు సదువు."

చదివాను. ఇన్నేళ్లుగా ఆ బడిలో ఎవరూ పిలవని పేరు.

"ఇంకోసారి" అంది.