భణిత తెగిన బెల్లం పాట

బెంగాల్లోని కృష్ణనగర్ చరిత్ర రాసేవాళ్ళు రాజుగారి దగ్గర మొదలుపెట్టి మట్టిబొమ్మల దగ్గర ముగిస్తారు. హాజరా వారింట్లో రేడియో కట్టేసే ఆచారం గురించి ఇంతవరకు ఒక్కరూ రాయలేదు. ఇది చరిత్రకు తీరని లోటు. హోమియో వైద్యులు భవతోష్ హాజరా గారు ఎంతటి పాటనైనా సరే, చివరి చరణం ఎత్తుకోగానే టక్కున కట్టేసేవారు. చెప్పదలచుకున్నది ఎవరైనా మొదట్లోనే చెప్పేస్తారనీ, చివర ఉండేదంతా చెప్పిందే చెప్పడమనీ ఆయన సిద్ధాంతం. మందు విషయంలోనూ అంతే, ఒక చుక్క చాలనేవారు. కొడుకు కింశుక్ ఈ సిద్ధాంతాన్ని ఉగ్గుపాలతో తాగి పెరిగాడు. పెళ్ళిళ్ళలో సన్నాయివాళ్ళు ముగింపుకు వచ్చేసరికి అతను చేపల పులుసు బంతిలో కూర్చుని ఉండేవాడు.

ఈ కింశుక్‌ని ఇంట్లో టుకాయ్ అంటారు. చదువు అబ్బలేదు. కీబోర్డు అబ్బింది. పూజా పందిళ్ళలో, అన్నప్రాశనల్లో, ఒకసారి చేపల వర్తకుల సంఘం వార్షికోత్సవంలో వాయించాడు. ఈ దశలో జలంగీ నది రేవులో పడవ కోసం నిలబడి ఉండగా ఒక ముసలామె దోతారా మీటుతూ పాడుతుంటే విన్నాడు. కరెంటు లేకుండా అంత మోత పుట్టించవచ్చునని అతనికి అప్పటిదాకా తెలియదు.

ఆమె ఖ్యాంతమణి దాసి. అవతలి ఒడ్డున ఆమె ఆఖ్డా. పాటలు పాడే సాధువుల మఠం అన్నమాట, అంటే రెండు పూరిళ్ళు, ఒక తులసికోట, ఎవరు వచ్చినా పెట్టే ముడిబియ్యపు అన్నం. కింశుక్ సైకిలు పడవెక్కించి ఏళ్ళ తరబడి అక్కడికి తిరిగాడు. నీళ్ళు తోడాడు, కంద చెక్కాడు, దోతారా నేర్చుకున్నాడు.

"వేళ్ళు నీవేరా టుకాయ్. చెవులే ఎక్కడో అద్దెకు తెచ్చుకున్నావు" అనేది ఖ్యాంతమణి.

ఆమె నేర్పే పాటలన్నీ ద్విజపద గోసాయివి. ఆయన ఆమెకు గురువు, జీవితమంతా తోడున్నవాడు. పగలు ఖర్జూర చెట్లెక్కి రసం దించేవాడు, రసం కాగుతుండగా పాటలు కట్టేవాడు. ఫోటో లేదు, పుస్తకం లేదు. సమాధి అంటారా, మట్టిదిబ్బ. ఏటా వానలు దాన్ని చదును చేస్తే ఏటా ఖ్యాంతమణి పేడతో అలికి మళ్ళీ లేపేది. ఆయన పాటల్లో అందరికీ ఇష్టమైనది బెల్లం పాట:

*మంట తగ్గించవోయి మనసా, కుండలో ఉన్నది రసం,*
*పాకం రాకముందే మాడితే ఏం చెబుతావు ఆసామికి?*

దానికి చివర భణిత ఉంది. తెలుగువాళ్ళు ముద్ర అంటారే, అదే. రాసినవాడు తన పేరు తానే చెప్పుకునే చరణం:

*ద్విజపద అంటాడు: నా కుండ మాడింది,*
*నవ్వితే నవ్వండి గానీ మీ పొయ్యి చూసుకోండి.*

భణిత వచ్చేసరికి అక్కడ ఉన్నవాళ్ళంతా చేతులు నొసటికి చేర్చి గొంతు కలపాలి. అది మర్యాద. కింశుక్ మాత్రం ఆ వేళకి సైకిలు తాళం వెతుక్కుంటూ ఉండేవాడు. ఆఖరి పడవ వెళ్ళిపోతుందని సాకు. పడవవాడు ఎప్పుడూ అతని కోసం ఆగేవాడు, అది వేరే సంగతి.

తర్వాత కలకత్తా వెళ్ళాడు. ఢాకురియాలో రిజు అనే స్నేహితుడున్నాడు. గది గోడలకు కోడిగుడ్ల అట్టలు అంటించుకుని దాన్ని స్టూడియో అనుకునే ధైర్యం ఉన్నవాడు. ఇద్దరూ కలిసి జట్టుకు మాటీ-వోల్ట్, అంటే మట్టీ కరెంటూ, అనే పేరు పెట్టుకున్నారు. దోతారా కింశుక్‌ది, యంత్రాలు రిజువి. బెల్లం పాట కింద దడదడలాడే మోత పరిచి, పైన దోతారా చిలకరించి, విని చూశారు. బాగుంది. నిజంగానే బాగుంది.

"ఈ చివర్న ఎవడ్రా ఈ ద్విజపద?" అన్నాడు రిజు.

"రాసినాయన."

"పెద్దాయన వచ్చేసరికి బీటు చచ్చిపోతోంది. అప్పటిదాకా ఎగురుతున్నవాళ్ళ దగ్గరికి ఈయనొచ్చి నా కుండ మాడిందంటే ఏం చేస్తారు? కూర్చుంటారు."

"తీసేస్తే?"

"ఎగురుతూనే ఉంటారు."

కింశుక్ బిస్కెట్టును టీలో ముంచి, అది విరిగి పడేలోగా ఆలోచించాడు. వంశాచారం కూడా కలిసొచ్చింది. భణిత తీసేశారు. రాసినవారు అన్నచోట 'ప్రచలితం' అని పెట్టారు. ఎవరు రాశారో ఎవరికీ తెలియని పాటకు వేసే మాట అది. ఊరూ పేరూ రేవుతో సహా తెలిసిన పాటకు వేశారు.

ఆ ఏడు దుర్గాపూజలో ఆ పాట మోగని పందిరి లేదు. పెళ్ళికూతుళ్ళు దానికి ఎగిరారు, పెళ్ళికొడుకుల మేనమామలు ఇంకా ఎక్కువ ఎగిరారు. ఒక బెల్లం కంపెనీవారు దాన్ని ప్రకటనలో వాడుకున్నారు. పత్రికలవాళ్ళు వచ్చి మట్టివాసన గురించి అడిగితే కింశుక్ చల్లగదిలో కూర్చుని చెప్పాడు. కృష్ణనగర్‌లో భవతోష్ గారు జీవితంలో మొదటిసారి ఒక పాటను పూర్తిగా విన్నారు. కట్టేయడానికి చివరి చరణం లేదు గదా.

కింశుక్ సరపురియా మిఠాయి డబ్బా పట్టుకుని పడవెక్కాడు. ఖ్యాంతమణి అరుగు మీద ఫోను పెట్టి పాట వినిపించాడు. ఆమె కళ్ళు మూసుకుని విన్నది. మోతకు తల కూడా ఊపింది. పాట ఆగింది. ఆమె కళ్ళు తెరవలేదు.

"అయిపోయింది మాసీ."

"మరి గోసాయి ఏడీ?"

"అది... పాట పొడవు ఎక్కువైపోతుందని..."

"గోసాయి నీ పాటకు పొడవైపోయాడా?" ఆమె గొంతు పెంచలేదు. పెంచితే బాగుండుననిపించింది కింశుక్‌కి. "పొయ్యి ఉంచావు, కుండ ఉంచావు, రసం ఉంచావు. కాచినవాణ్ణి వెళ్ళగొట్టావు. ఆ దిబ్బ చూడరా. నేనున్నన్నాళ్ళు అలుకుతా. తర్వాత ఆయన ఉండేది ఆ చరణంలోనే కదా?"

"పెద్దది మళ్ళీ చేస్తాను మాసీ, అంతా పాడి..."

"చెయ్యి. నోళ్ళలోంచి పేరు తీసింది నువ్వే, నోళ్ళలో పెట్టాల్సింది నువ్వే. పెట్టాకే ఈ గడప తొక్కు. మిఠాయి తీసుకుపో, చీమలు పడతాయి."

అంతవరకు కింశుక్‌కి తాను ఎవరో స్పష్టంగానే తెలుసు. తిరుగు పడవలో ఆ స్పష్టత కొంచెం తగ్గింది. చప్పట్లు కొట్టేవాళ్ళు ఊరూరా ఉన్నారు. చెవులు అద్దెవిరా అని చెప్పగలిగిన మనిషి ఆ ఒడ్డున ఒక్కతే ఉంది. ఆమె ఒరే అని పిలవకపోతే ఇక తనని ఎవరు పిలుస్తారు?

మాట ప్రకారం పాట మొత్తం మళ్ళీ పాడి విడుదల చేశాడు. ద్విజపద గోసాయి పేరు పెద్ద అక్షరాలతో వేశాడు. జనం పాతదే విన్నారు. కల్యాణిలో ఒక కాలేజీ సభలో మోత ఆపి, చేతులు నొసటికి చేర్చి భణిత ఎత్తుకుంటే వెనక బెంచీల నుంచి "దాదా, కరెంటు పోయిందా?" అన్నారు. ముందు బెంచీలవాళ్ళు నిజంగానే వైర్లు చూశారు.

"నీ గోసాయి మన కడుపు కొడుతున్నాడ్రా" అన్నాడు రిజు వేదిక దిగివచ్చాక.

"మన కడుపు నింపింది కూడా ఆయనే."

"అయితే ఆయనతోనే వాయించుకో." రిజు యంత్రాలు సర్దుకుని వేరే జట్టులో చేరాడు. ఢాకురియా గదిలో కింశుక్‌కి కోడిగుడ్ల అట్టలు మిగిలాయి.

మాఘమాసంలో ఒక ఉదయం అతను సియాల్దా నుంచి కృష్ణనగర్ లోకల్లో వస్తున్నాడు. నైహాటీలో సుబల్ అనే బక్కపలచటి పాటగాడు దోతారాతో ఎక్కాడు. బెల్లం పాటే ఎత్తుకున్నాడు. బాగా పాడుతున్నాడు. కింశుక్ కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. రెండు చరణాలయ్యాక సుబల్ ఆగలేదు. దోతారా దించి, చేతులు నొసటికి చేర్చి, నిండు భక్తితో అందుకున్నాడు:

*కింశుక్ అంటాడు: పిల్లా, నీ కోసమే*
*మాడి మసైపోయింది నా ప్రాణం.*

కింశుక్ లేచి నిలబడ్డాడు. "ఏమయ్యా, ఆ చివరిది ఎక్కడిది?"

"భణిత దాదా. ఫోనులో పాటకి భణిత లేదు. భణిత లేని పదం తల లేని మొండెం కదా? మా గురువుగారు ఊరుకోలేదు. రాసినాయన పేరు కనుక్కుని కట్టారు. ఇప్పుడు బర్ధమాన్ వైపంతా ఇలాగే పాడతారు."

"రాసింది కింశుక్ కాదయ్యా. ద్విజపద గోసాయి."

"ఆయనెవరు? ఫోనులో వస్తాడా?"

"నేనే కింశుక్‌ని. నేను చెబుతున్నా, నేను రాయలేదు."

మరమరాల్లో కారం వేసి ఝాల్‌ముడి కలుపుతున్నవాడు డబ్బా గిలక్కొట్టడం ఆపాడు. "ఈయన కింశుక్ అయితే నేను రైల్వే మంత్రిని" అన్నాడు. పెట్టె అంతా నవ్వింది. కింశుక్ పట్టు వదలకుండా అసలు భణిత పాడి వినిపించాడు. సుబల్ మర్యాదగా విన్నాడు.

"బాగానే ఉంది దాదా. కానీ రాసినాయన పేరు తీసి ఇంకొకరి పేరు పెట్టడం పాపం" అన్నాడు.

కింశుక్ మళ్ళీ కూర్చున్నాడు. అతని స్టేషను రావడానికి ఇంకా చాలా ఉంది.

ఫాల్గుణంలో ద్విజపద గోసాయి తిథినాడు ఆఖ్డాలో మహోత్సవం. పిలుపు లేకపోయినా వెళ్ళి కింశుక్ గడప ఇవతలే నిలబడ్డాడు. బర్ధమాన్ నుంచి, ఇంకా దూరదూరాల నుంచి వచ్చిన సాధువులతో, పాటగాళ్ళతో వాకిలి నిండిపోయింది. ఖ్యాంతమణి ఖిచుడీ గిన్నె దగ్గర నుంచి చూసి వచ్చింది. ఆ ఏడాదిలో ఆమె బాగా వంగిపోయింది.

"పెట్టావా పేరు?"

"పెట్టలేకపోయాను మాసీ." రైల్లో జరిగిందంతా చెప్పాడు. తిడుతుందనుకున్నాడు. ఆమె పైటచెంగుతో పొగకు మండుతున్న కళ్ళు తుడుచుకుంది.

"భణిత లేదని ఆగాడా ఆ పిల్లాడు? పేరు వెతికి కట్టాడా?"

"కట్టాడు. నా పేరు."

"వాడికి ధర్మం తెలుసు. నీకు పాట తెలుసు" అని, గడపకు అడ్డం తప్పుకుని, "రా. ఆయన ముందు పాడు. అంతా పాడు. మధ్యలో సైకిలు గుర్తొస్తే కాళ్ళు విరగ్గొడతా" అన్నది.

సమాధి ముందు చాప వేశారు. యంత్రాలు లేవు. వచ్చిన పాటగాళ్ళ కోసం అద్దెకు తెచ్చిన మైకొకటి ఉంది, దాన్ని అతని ముందుకు జరిపారు. కింశుక్ దోతారా శ్రుతి చేసుకుని మొదలుపెట్టాడు. జీవితంలో ఎప్పుడూ అంత బాగా పాడలేదు. మంట తగ్గించవోయి అన్నచోట ఒక ముసలి సాధువు కళ్ళు ఒత్తుకున్నాడు. పిల్లలు కూడా అల్లరి మానారు. ఖ్యాంతమణి వెనకాల, ఖిచుడీ గిన్నె పక్కన నిలబడి వింటోంది. పాట చివరికి వచ్చింది. కింశుక్ దోతారా ఒళ్ళో దించి, చేతులు జోడించి, నొసటికి చేర్చి, "ద్విజ..." అన్నాడు.

మర్యాద తెలిసిన వాకిలి అది. అందరూ చేతులు నొసటికి చేర్చారు, అందరూ ఒక్కసారి గొంతు కలిపారు. "కింశుక్ అంటాడు" అని వాకిలంతా మోగింది. ఎంత భక్తిగా అన్నారంటే కింశుక్ పాట అక్కడే ఆగిపోయింది.

ద్విజపద అంటాడు అని చివరిదాకా పాడినది ఖ్యాంతమణి ఒక్కతే. మైకు కింశుక్ ముందు ఉంది.