ఊపిరి పీల్చే బోరు

నా చిన్నప్పుడు, తొంభైల చివర్లో, ముదిగుబ్బ దగ్గర మా పల్లెలో మిట్టమధ్యాహ్నం పూట ఒక్క పిల్ల కూడా మామ బోరు వైపు వెళ్ళేది కాదు. మామ అంటే సొంత మామ కాదు, మా పక్కచేను ఆయన. ఆ బోరు ఎండిపోయి ఏడాది దాటింది. మోటారు తీసేశాక నేల మీద జానెడు గొట్టం మిగిలింది. అందులో దయ్యం ఉందని, ఎండవేళ ఊపిరి పీలుస్తుందని ఊరంతా చెప్పుకునేది. నేనూ ఒకసారి దూరం నుంచి విన్నాను. ఎవరో ముక్కుతో గాలి లాగుతున్నట్టు సన్నగా, ఆగకుండా ఒక చప్పుడు. అబ్బో, ఆ రోజు నేను పెట్టిన పరుగు ఇప్పటికీ గుర్తే.

ఆ ఏడు వాన మొహం చాటేసింది. శెనక్కాయ చెట్లకు ఊడలు మట్టిలోకి దిగి కాయ పట్టే సమయం. ఒక్క తడి అందకపోతే మామ చేను మాడిపోతుంది, ఆయన కుటుంబం బెంగళూరుకు కూలికి వెళ్ళిపోతుంది. వాళ్ళమ్మాయి బడిలో నా పక్కనే కూర్చునేది. తనూ వెళ్ళిపోతుందంటే నాకు అన్నం దిగలేదు.

మా చేను మాత్రం పచ్చగా ఉంది. మా నాయన మామ కన్నా చాలా లోతుకు బోరు వేయించాడు. ఆయన కష్టం అబద్ధం కాదు, పొద్దు పొడవక ముందే చేలో ఉండే మనిషి. అందుకే మామ మాట వస్తే తేల్చేసేవాడు. "నేను కష్టపడినా, నాకు నీళ్లు పడినాయి. వాడూ ఇంకా లోతుకు పోయింటే పడుండు. ఎవురాపినారు?" నాకూ అదే న్యాయంగా తోచేది.

ఒకరోజు ఆ మాట మా జేజి, అంటే నాయనను కన్న తల్లి, చెవిన పడింది. మర్నాడు మధ్యాహ్నం నా రెక్క పట్టుకుని సరాసరి ఆ బోరు దగ్గరికే లాక్కెళ్ళింది. నేను లబోదిబోమన్నా వినలేదు. "దయ్యమో ఇంకేమో చూద్దాం రా మే" అంది.

కొంగు తడిపి గొట్టం నోటి మీద పరిచింది. గుడ్డ లోపలికి కుంగి, అంచులకు అతుక్కుపోయింది. లోపల నుంచి నిజంగానే ఏదో లాగుతోంది. నేను జేజి చీర పట్టుకున్నాను. జేజి మొహంలో భయం లేదు, దిగులుంది. మన మోటారు ఆపి రమ్మంది.

పరుగెత్తి ఎర్ర బటను నొక్కి వచ్చాను. కాసేపటికి చప్పుడు సన్నగిల్లి ఆగిపోయింది. కొంగు వదులై జారింది. ఆ నిశ్శబ్దానికి నాకు ఇంకా భయమేసింది. కరెంటు పోయినప్పుడల్లా ఇలాగే ఆగిపోవడం జేజి చాన్నాళ్ళుగా గమనిస్తోందట. రెండు బోర్లకూ కింద నీళ్ల దారి ఒకటే. మా మోటారు నీళ్లు లాగేకొద్దీ ఈ బోరు గాలి మింగుతోంది.

మోటారు ఎవరాపారని నాయన కేకలేస్తూ వచ్చాడు. జేజి నన్ను పంపి మళ్ళీ వేయించింది. నేను తిరిగొచ్చేసరికి నాయన అరచెయ్యి గొట్టం మీద ఉంది, మొహంలో నెత్తురు లేదు. చెయ్యి తీసి చొక్కాకు తుడుచుకుని, నమ్మలేక మళ్ళీ పెట్టాడు.

"నువ్వు కష్టపడలేదని ఎవురన్నార్రా? వాడూ నీ మాదిరే చేలో పడి సచ్చినాడు. నా కమ్మలు అమ్మి నువ్వు లోతుకు పోతివి. వానికి అమ్మేదానికి ఏముండె?" అంది జేజి. అంతవరకూ ఆమె బోసి చెవులను నేను పట్టించుకోనే లేదు.

తర్వాత నా అరచేతినీ గొట్టం మీద పెట్టించింది. చల్లగా, బలంగా లోపలికి లాగింది.

సాయంత్రానికల్లా నాయన మా పైపులు మామ చేలోకి పరిచాడు. "మీ నీళ్లు మాకెందుకులే బావా" అన్నాడు మామ. "ఎవురివో నీ బోరునే అడుగుపో" అని నాయన కసురుకున్నాడు. సిగ్గుపడితే ఆయన కసురుకునేవాడు. అప్పటి నుంచి నీళ్లు ఒకరోజు మాకు, ఒకరోజు వాళ్ళకు. ఆ ఏడు మా కాయ తగ్గింది. వాళ్ళమ్మాయి బడిలో నా పక్కనే ఉంది.

ఇప్పుడు బుక్కరాయసముద్రంలో నాకు సొంత నూనె మిల్లు ఉంది. కష్టపడి పైకొచ్చినావక్కా అంటారు. పడ్డాను మరి, ఒళ్ళు హూనమయ్యేలా పడ్డాను. ఆ మాట వింటే సంతోషమే, ఎందుకుండదు! అయినా రోజూ పొద్దున మిల్లు మోటారు బటను నొక్కగానే నా అరచెయ్యి చల్లబడుతుంది. ఎక్కడో ఎవరి బోరో గాలి మింగుతోందేమోనని ఒక్క క్షణం చెవి ఒగ్గి నిలబడతాను.