బావమరిది చొక్కా విప్పిన ఫొటో

మా వీధి చివర కొత్తగా జిమ్ము పెట్టి, గుమ్మం మీద చొక్కా లేని కుర్రాడి ఫ్లెక్సీ కట్టారు. కూరగాయల సంచితో అక్కడ ఆగి, ఈ లైటు ఎటునుంచి కొట్టారబ్బా అని మెడ వంచి చూస్తుంటే, లోపలికెళ్లే పిల్లలు ఈ ముసలాయన కూడా చేరతాడేమోనని నవ్వుకున్నారు. నవ్వితే నవ్వారు గానీ, పలాసలో నాకు స్టూడియో ఉన్న కాలంలో మా బావమరిదికి తీసిన ఫొటో మనసులో మెదిలింది.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి. నా భార్య తమ్ముడికి వజ్రపుకొత్తూరు దగ్గర కొబ్బరితోట ఉండేది, చెట్లు తనే ఎక్కేవాడు. నందిగాం నుంచి ఒక సంబంధం వచ్చింది. పిల్లా అతనూ ఒకరికొకరు నచ్చారు, ఇక ముహూర్తమే తరువాయి అనుకుంటుండగా పిల్ల తండ్రి వెనక్కి తగ్గాడు. వజ్రపుకొత్తూరు ఉన్న ఉద్దానంలో నీళ్ల వల్లే కిడ్నీ జబ్బొచ్చి మనుషులు పోతున్నారన్న మాట అప్పటికే చుట్టుపక్కలంతా పాకింది మరి. మావాడికి పౌరుషం వచ్చింది. నోటిమాట నమ్మనివాళ్లకు ఒళ్లే చూపిస్తానని స్టూడియోకి వచ్చి చొక్కా విప్పి నిలబడ్డాడు. సంబంధానికి ఇలాంటి ఫొటో పంపుతారా అని మా ఆవిడ తల బాదుకుంది. నాకు మాత్రం సరదా పుట్టింది, ఎందుకంటే అంతదాకా నేను తీసిందంతా పెళ్లికూతుళ్లనీ, పుట్టినరోజు పిల్లలనీ, పాస్‌పోర్టు మొహాలనీ. మగవాడి ఒంటిని ఎలా తీయాలో నాకేం తెలుసు?

తెలియక, అలవాటు కొద్దీ ముందు పౌడరు రాశాను. స్టూడియోవాళ్లకు మెరుపంటే పడదు కదా, నుదురు మెరిసినా ముక్కు మెరిసినా పౌడరే మందు. "ఏటి బావా, నానేటి పెళ్లికూతుర్నా?" అని అతను గింజుకుంటున్నా వినకుండా ఛాతీ నిండా అద్ది, రెండు గొడుగు లైట్లూ ఎదురుగా పెట్టి తీశాను. ల్యాబు నుంచి వచ్చిన ఫొటోలో చెట్లెక్కే మనిషి కాస్తా ఇడ్లీలా తెల్లగా, నున్నగా ఉన్నాడు.

రెండోసారి నిలబెట్టేసరికి కరెంటు పోయింది. గాలి కోసం పక్క తలుపు తీస్తే ఎండ ఏటవాలుగా వచ్చి అతని భుజం మీద పడింది, దాని పక్కనే నీడా పడింది, అంతదాకా జాడలేని కండలన్నీ ఒక్కసారి లేచొచ్చాయి. నీడ లేనిదే కండ కనబడదని నాకు ఆ వయసులో తెలిసింది! వెంటనే పౌడరు కడిగించి, కొబ్బరినూనె పట్టించి, జిడ్డు తేలకుండా తువ్వాలుతో ఒత్తించాను. కాస్త పక్కకు తిరగమని, బరువు వెనక కాలి మీద వేయమని, ఊపిరి సగం వదిలి పొట్ట బిగించమని చెబుతూ పోయాను. భుజాలు బిగిస్తే మెడ పొట్టిదయ్యేది, మెడ సాచితే పొట్ట జారేది. నవ్వుకుంటూ రీలంతా తగలేస్తున్నాం. చివరికి చెట్టెక్కేటప్పుడు చేతులెలా పెడతావో అలా పెట్టమన్నాను. ఒళ్లంతా దానంతటదే సర్దుకుంది.

ఆ ఫొటో నేనే నందిగాం పట్టుకెళ్లాను. పిల్ల తండ్రి వెలుతురులోకి తిప్పి చాలాసేపు చూసి, "కుర్రోడు బాగున్నాడు గానీ బాబూ, మీ ఊరి నీళ్లు ఫొటోలో అగుపడవు కదేటి" అని మర్యాదగా తిరిగి ఇచ్చేశాడు. ఆయన మీద వచ్చిన కోపం చాలా ఏళ్లు పోలేదు.

తరువాత మావాడు పక్క ఊరి పిల్లనే చేసుకున్నాడు, తనలాగే ఆ నీళ్లు తాగి పెరిగిన పిల్లను. దేవుడి దయవల్ల అతను ఇవాళ్టికీ చెట్లెక్కుతున్నాడు. నాకు చెల్లెలు వరసైన ఆ అమ్మాయినే వారం వారం పలాస తీసుకొచ్చి డయాలసిస్ చేయిస్తున్నాడు. ఇప్పుడు సంబంధాలు చూసేవాళ్లు మా వైపు ఫొటో కంటే ముందు, కిడ్నీ ఎలా ఉందో చెప్పే క్రియాటినిన్ ఎంతని అడుగుతున్నారు. అడగడం తప్పని నేననలేను. పిల్లా పిల్లాడూ ఒకరి ఫొటో ఒకరు దాచుకుని మురిసిపోయే ఆ నాలుగు రోజులు కూడా రక్తపరీక్షకే పోతున్నాయని మాత్రం నాకు చాలా బెంగగా ఉంటుంది.