ఐజాక్ గడ్డి పాకం

గడ్డి కనిపిస్తే మేకకి నోరూరుతుంది, మా ఐజాక్‌కీ ఊరుతుంది. తేడా ఏంటంటే, మేక ఉపన్యాసం ఇవ్వదు.

"దీన్నిండా పంచదారేరా, గొలుసులు గొలుసులుగా బిగుసుకుపోయి ఉంది. ప్రెషర్లో సలసల కాగిన నీళ్లతో గడ్డిని మెత్తబరిచి, ఎంజైమ్ చల్లితే గొలుసు తెగుతుంది" అనేవాడు. రాజమండ్రిలో ముప్పై ఏళ్లు బాయిలర్ నడిపి రిటైరైన మనిషి. చర్చి ఆవరణలో గడ్డి పీకేస్తున్నాడని పాస్టరుగారు మేకల్ని లోపలికి రానిచ్చి, ఐజాక్‌కి గేటు వేయించారు.

"ఏవండీ, కుక్కరేదండీ?" అనేది వాళ్లావిడ కృపారాణి.

"ల్యాబ్‌లో ఉంది."

"ల్యాబ్ ఎక్కడండీ?"

"పెరట్లో."

కాన్వెంటులో చదివినవాణ్ణి, అబద్ధమాడను. మూడో కుక్కరు మూత కొబ్బరిచెట్టెక్కింది. ఇప్పుడందులో కాకి కాపురముంటోంది. దాంతో ఐజాక్ దళసరి ఇనపగొట్టానికి ప్రెషర్ చూపే గేజీ బిగించి సొంత పాత్ర చేసుకున్నాడు. తొలి పాకం నాకే పోశాడు.

"ఎలా ఉంది?"

"కాలిన చాపలా ఉంది."

"వేడెక్కువైంది" అని రాసుకున్నాడు.

అప్పుడే పక్కింటి పాపాయమ్మగారి గేదెకి పళ్లరిగిపోయాయి. నమల్లేక డొక్కలు తేలాయి. ఆదివారం కబేళా బేరగాడు చిట్టియ్య బండి తెచ్చి తోలుకెళ్లిపోతాడు. ఆవిడ మెతుకు ముట్టడం లేదు. మనవాడు వెళ్లి ఏమన్నాడనుకున్నారు?

"మీ గేదె తినని గడ్డి నాకిచ్చెయ్యండి."

"నీకు గుండె ఉందా, గేజీ ఉందా?" అని తిట్టాను.

"శనివారానికి అయిపోవాలిరా" అన్నాడు, మంట ఎగదోస్తూ.

రోజుకి మూడు వాయిలు. శనివారం సాయంత్రం నా అరచేతిలో నాలుగు చుక్కలు వేశాడు. తియ్యగా ఉంది. నిజంగా తియ్యగా ఉంది. నేను గంతేశాను. "పేపర్లో వేయిద్దాం. భీమవరం కాలేజీ వాళ్లని పిలుద్దాం" అంటూండగానే, ఆ పాకమంతా ఉడికిన గడ్డిలోనే కలిపేసి, బకెట్ పట్టుకుని గోడవతలికి నడిచాడు.

ఆదివారం చిట్టియ్య వచ్చేసరికి గేదె తల తొట్టిలో మునిగిపోయి, కొమ్ములు తప్ప ఏమీ పైకి కనిపించడం లేదు.

"ఏం కలిపారండి?" అన్నాడు చిట్టియ్య.

"వేణ్ణీళ్లు" అన్నాడు ఐజాక్. తర్వాత పాపాయమ్మగారి ముందు చేతులు నలుపుకుంటూ, "ఈ పిప్పి పారబొయ్యడానికి నాకు చోటు లేదండి. రోజూ మీ గేదె తిని పెడితే..." అని నసిగాడు.

ఆవిడ చిట్టియ్యకి బండి తిప్పుకోమని చెయ్యూపి, ఐజాక్‌కేసి జాలిగా చూసింది. "పొద్దున్నే పంపించండి. పాపం, మీరు మాత్రం ఎక్కడ పారబోస్తారు?"

"పెద్ద సాయం చేశారండి" అన్నాడు మా ఐజాక్, తలొంచుకుని.