నా స్టవ్ ఎక్కడికీ పోదు

తెలంగాణ రావడానికి రెండు మూడేళ్ల ముందు సంగతి. నాచారంలో మేం అద్దెకున్న ఇంటి వంటగదికి ఒకటే కిటికీ, దాని అవతల ఫ్యాక్టరీలు. గాలి ఇటు తిరిగిందంటే చాలు, ముక్కు మండిపోయే వాసన. దిగిన వారానికే మైదా ఉడకబెట్టి, పాత పేపర్లతో ఆ కిటికీని సందు లేకుండా అంటించేశాను. మహా తెలివైన పని చేశాననుకున్నాను.

ఆ గదిలోనే నా గ్యాస్ స్టవ్. ఊళ్లో కట్టెల పొయ్యి ఊది ఊది కళ్లు పోగొట్టుకోబోయినదాన్ని. పెళ్లయిన నాలుగేళ్లకు సిలిండర్ ఇంటికొచ్చిన రోజు, ఉత్తినే వెలిగించి, ఆర్పి, మళ్లీ వెలిగించి చూసుకున్నాను. పొద్దున నేను జొన్నరొట్టెలు చేస్తుంటే మా ఆరేళ్ల పిల్ల పక్కనే కూర్చుని మొదటి రొట్టె కోసం కాచుకునేది.

ఆ ఏడు పిల్లకు ఆయాసం మొదలైంది. "మూసిన గదిలో గ్యాస్ మంట గాలి ఈ పాపకు పడదు. వంటగదిలోకి రానివ్వకండి" అంది హబ్సిగూడ డాక్టరమ్మ. ఆ రోజు నుంచి పిల్ల గడప దాటబోతే కసిరి పంపేదాన్ని. మా ఆయన కరెంటు స్టవ్ పట్టుకొచ్చాడు.

"గ్యాస్ వాపస్ ఇచ్చేద్దాం. పిల్లకన్న ఎక్కువనా నీకది?"

అంత మాటంటాడా! ఒళ్లు మండిపోయింది. "ఫ్యాక్టరీ పొగనేమో ఏమనవు, నా పొయ్యి మీదనే పడ్డవు!" అని అరిచాను. అరిచానే గానీ, అంతలోనే నా కళ్లు కిటికీ మీద పడ్డాయి. గాలి ఆపింది ఆ పేపర్లు, అంటించింది నేను. గోళ్లతో గీకి పీకి పారేశాను. ఫ్యాక్టరీ వాసన గుప్పున లోపలికొచ్చింది. అదీ పిల్లకు పడదు. పొయ్యి పైన గోడకు ఫ్యాన్ పెట్టి, లోపలి గాలిని బయటికి తోలాల్సిందే.

ఓనరమ్మ ఒప్పుకుంటేనా! "నా గోడకు బొక్క పెట్టనియ్య. ఉంటే ఉండున్రి, లేకుంటే ఖాళీ చెయ్యున్రి."

మర్నాడు పొద్దున్నే సిలిండర్, స్టవ్ వరండాలోకి మోసుకెళ్లి, సరిగ్గా ఆమె తలుపు ముందు పెట్టాను. కావాలనే ఎండుమిరపకాయలు దండిగా వేసి పోపు పెట్టాను. తుమ్ముకుంటూ బయటికొచ్చింది.

"ఏందమ్మా ఇది?"

"వంట. లోపట వండితే నా బిడ్డకు ఊపిరాడుతలేదు. మీ గోడ మీకు పాణమైతే, నా బిడ్డ నాకు పాణం. నా స్టవ్ ఎక్కడికీ పోదు."

మా ఆయన సిగ్గుతో తలొంచుకుని డ్యూటీకి పోయాడు. నేను తగ్గలేదు. నాలుగో రోజు ఓనరమ్మే మేస్త్రీని పిలిపించింది.

ఫ్యాన్ తిరిగిన మొదటి పొద్దున రొట్టె కాలుస్తుంటే, పిల్ల గడప దగ్గర నిలబడిపోయింది.

"దా బిడ్డా, నిన్ను వద్దనేటోళ్లెవరో నేనూ సూస్తా!" అన్నాను రుబాబుగా.

అది కదల్లేదు. "నువ్వే కదమ్మా వద్దన్నవ్" అంది.